35 వేలతో ఆకాశం ఫోటోలు: టెలిస్కోపు కొనాలా, కెమెరా కొనాలా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల రేణిగుంటలో ఉంటున్నాను. పాలపుంత, ఓరియన్ నిహారిక ఫోటోలు నేనే తీయాలని రెండేళ్లుగా ఆశ. 35 వేలు కూడబెట్టాను, అంతకుమించి ఇప్పట్లో కుదరదు. ఆన్‌లైన్‌లో 76 ఎంఎం టెలిస్కోపు ఒకటి చూశాను. 525 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని, ఫోన్ బిగించే క్లిప్పు కూడా ఇస్తామని రాశారు. తీసుకోవచ్చా? లేకపోతే ఈ డబ్బుతో ఏమేం కొనాలి? తిరుపతి వెలుగుల్లో ఇది అయ్యే పనేనా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

సమాధానం: ఆ టెలిస్కోపు వద్దు. దాని మీద రాసిన 525 ఎలా వచ్చిందో చూడండి. ఈ రకం గొట్టాల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటు దాకా దూరం) సాధారణంగా 700 ఎంఎం. దాన్ని 4 ఎంఎం ఐపీస్‌తో, అంటే కన్ను ఆనించే లెన్సుతో, భాగిస్తే 175. దానికి బొమ్మను 3 రెట్లు పెంచే బార్లో లెన్సు తగిలిస్తే 525. లెక్కలో తప్పులేదు. కానీ అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే బొమ్మలో వివరం ఉంటుంది, అంటే 76 ఎంఎంకు 150 రెట్లు. ఆపైన పెంచితే మసక పెరుగుతుంది, అంతే. పైగా దాంతో వచ్చే స్టాండు సన్నకాళ్లది, వేలు తగిలితే చంద్రుడు ఊగిపోతాడు. ఫోన్ క్లిప్పుతో చంద్రుడి ఫోటోలు వస్తాయి. నిహారికలు మాత్రం రావు.

రేపు డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) కొని దానికే బిగిద్దామన్నా చిక్కే. కెమెరా ముందరి రింగు నుంచి లోపలి సెన్సర్ దాకా కానన్‌లో 44 ఎంఎం, నికాన్‌లో 46.5 ఎంఎం దూరం ఉంటుంది. ఇలా అద్దంతో పనిచేసే చవక టెలిస్కోపుల్లో (న్యూటోనియన్లలో) చాలావాటికి బొమ్మ ఏర్పడే చోటు అంత బయటికి రాదు. ఫోకసర్‌ను చివరిదాకా లోపలికి తిప్పినా నక్షత్రం బిళ్లలాగే మిగిలిపోతుంది. 114 ఎంఎం, 127 ఎంఎం అద్దాలతో పొట్టిగా ఉండి, ఫోకల్ లెంగ్త్ 1000 అని రాసి ఉండే గొట్టాలకు కూడా దూరంగా ఉండండి. ఫోకసర్ లోపల చిన్న లెన్సు పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే రకం అవి. ఫోటోలో పదును ఉండదు.

మీ డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది ఒక్కటే సంగతి: ఆకాశం ఆగదు. నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) చొప్పున పడమటికి జరుగుతుంటాయి. కానన్ 1300డి పిక్సెల్ 4.3 మైక్రాన్లు. 50 ఎంఎం లెన్సు పెడితే ఒక్కో పిక్సెల్‌కు ఆకాశంలో 18 ఆర్క్‌సెకన్ల మేర వస్తుంది, కాబట్టి సెకను దాటగానే నక్షత్రం పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. అదే కెమెరాను 700 ఎంఎం టెలిస్కోపుకు పెడితే సెకనుకు 12 పిక్సెళ్లు జారుతుంది. ఆ కదలికను వెంటాడుతూ గొట్టం బరువు మోసే మోటారు స్టాండు (మౌంటు) ఒక్కదానికే మీ 35 వేలు చాలవు. అందుకే ఈ బడ్జెట్‌లో దారి ఇది: పాత డీఎస్ఎల్ఆర్, వెడల్పుగా చూసే లెన్సు, కదలని ట్రైపాడ్, నక్షత్రాల వెంట కెమెరాను తిప్పే, చేత్తో చేసుకునే ట్రాకర్.

కెమెరాకు, దాంతోపాటు వచ్చే మామూలు లెన్సుతో (కిట్ లెన్సు) కలిపి 18 వేలు దాటనివ్వకండి. కానన్ 1300డి, 700డి, నికాన్ డి3300, డి5300, ఏదైనా సరే. పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు మిర్రర్‌లెస్‌కు మారేటప్పుడు పాత బాడీలు అమ్మేస్తుంటారు, తిరుపతి స్టూడియోల్లో అడిగి చూడండి. అయితే పెళ్లిళ్లు చూసిన కెమెరా షట్టర్ లక్ష దాటి కొట్టి ఉండొచ్చు. ట్రైపాడ్ మీద ఊరికే పెట్టి తీసే పద్ధతిలో మీరే ఒక్క రాత్రికి 400 ఫోటోలు తీస్తారు కాబట్టి, 50 వేల లోపు కొట్టినదాన్ని వెతకండి.

డబ్బు ఇచ్చేముందు అక్కడే మూడు పరీక్షలు చేయండి. లెన్సుకు మూత పెట్టి ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 1600తో 30 సెకన్లు తీయండి. అక్కడక్కడ ఎరుపు, నీలం చుక్కలు ఉంటే పరవాలేదు, వాటిని తర్వాత తీసేయొచ్చు. అడ్డంగా చారలు, మూలన ఊదారంగు వెలుగు ఉంటే వదిలేయండి. రెండోది, లెన్సును చేతిలో పట్టుకుని వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. మూడోది, పక్కన రబ్బరు మూత కింద రిమోట్ వైరు గుచ్చే రంధ్రం ఉందో లేదో. నికాన్ డి3500లో అది లేదు. అది లేకపోతే టైమర్ రిమోట్ పనిచేయదు, చేత్తో బటన్ నొక్కితే ప్రతి ఫోటోలోనూ నక్షత్రం తోకతో వస్తుంది.

కిట్ లెన్సు 18 ఎంఎం దగ్గర పాలపుంతకు సరిపోతుంది. ఓరియన్, కృత్తికల కోసం పాత 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఒకటి 6 వేలలోపు చూడండి (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది). ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. నక్షత్రాలకు ఆటోఫోకస్ ఎలాగూ పనికిరాదు. నికాన్ డి3300 మీద ఆటోఫోకస్ చేయలేని పాత 50 ఎంఎం 1.8డి లెన్సు ఈ పనికి కొత్త లెన్సుతో సమానం, ధర తక్కువ. ఎఫ్/1.8 అని ఉంది కదా అని పూర్తిగా తెరిచి తీయకండి. అంచుల్లో నక్షత్రాలకు రెక్కలు వస్తాయి, పెద్ద నక్షత్రాల చుట్టూ నీలం వలయం పడుతుంది. ఎఫ్/2.8కి తగ్గిస్తే రెండూ చాలావరకు పోతాయి.

ట్రైపాడ్‌కు 4 వేలు పెట్టండి, వెయ్యి రూపాయలవి వద్దు. అంగట్లోనే కెమెరా బిగించి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూసే పద్ధతిలో) 10 రెట్లు జూమ్ చేసి, కాలిమీద వేలితో తట్టండి. రెండు సెకన్లలో బొమ్మ నిలబడకపోతే అది వద్దు. మధ్య కడ్డీ ఎప్పుడూ పైకి లాగకండి. టైమర్ రిమోట్‌కు వెయ్యి, అదనపు బ్యాటరీ, 32 జీబీ కార్డులకు 2 వేలు అనుకోండి. మొత్తం 31 వేలు. మిగిలిన నాలుగులో రెండు ట్రాకర్‌కు, రెండు ఊరికి వెళ్లిరావడానికి.

వెలుగు తగ్గించే ఫిల్టర్లని అమ్ముతుంటారు, వాటి జోలికి పోకండి. పాత సోడియం దీపాలు ముఖ్యంగా కొన్ని రంగులే చిమ్మేవి, వాటిని ఫిల్టర్ ఆపేది. ఇప్పటి ఎల్ఈడీ వీధిదీపం అన్ని రంగులూ చిమ్ముతుంది, దాన్ని ఆపితే నక్షత్రం వెలుగూ ఆగుతుంది.

ఇక ట్రాకర్. కొనేవి మీ బడ్జెట్‌కు అందవు, కానీ రెండు చెక్కముక్కలతో చేసుకోవచ్చు. 18 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు రెండు, ఒక్కోటి 30 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు. ఒక కొసన రెండింటినీ ఆడకుండా బిగుతుగా ఉండే బందుతో కలపండి. బందు సీల మధ్యనుంచి కచ్చితంగా 228.6 ఎంఎం దూరంలో కింది చెక్కకు బెజ్జం వేసి ఎం6 నట్టు దిగగొట్టండి. అందులోంచి ఎం6 మరల కడ్డీ కిందినుంచి పైకి ఎక్కి పై చెక్కను నెట్టాలి. కడ్డీ కొస తగిలేచోట పై చెక్కకు చిన్న ఇనుప బిళ్ల అంటించండి, లేకపోతే కడ్డీ చెక్కలోకి తొలుచుకుపోతుంది. పై చెక్కమీద పావు అంగుళం బోల్టుతో బాల్ హెడ్ (ఎటైనా వంచి బిగించే తల), దాని మీద కెమెరా. కింది చెక్క ట్రైపాడ్ మీద.

228.6 ఎందుకంటే, ఎం6 కడ్డీ ఒక చుట్టుకు 1 ఎంఎం ఎక్కుతుంది. అంత దూరంలో ఆ 1 ఎంఎం భూమి ఒక నిమిషంలో తిరిగే కోణానికి సమానం. కాబట్టి నిమిషానికి ఒక చుట్టు తిప్పితే చాలు. కొలతలో 1 ఎంఎం తేడా వచ్చినా నిమిషానికి 4 ఆర్క్‌సెకన్లే, 50 ఎంఎం లెన్సుకు అది లెక్కలోకి రాదు. 5 ఎంఎం తేడా వస్తే నిమిషానికి పిక్సెల్ దాటిపోతుంది. ఎం8 కడ్డీ దొరికితే దాని మర 1.25 ఎంఎం, దూరం 285.7కు మార్చుకోండి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది తిప్పడంలో. 15 సెకన్లకోసారి పావుచుట్టు తిప్పమని చెబుతుంటారు. 18 ఎంఎం లెన్సుకే అది అంతంతమాత్రం. 50 ఎంఎం దగ్గర ఒక్కో పావుచుట్టుకు నక్షత్రం 13 పిక్సెళ్లు గెంతుతుంది, ఫోటోలో గీత పడుతుంది. కడ్డీ కిందికొసకు పాత సీడీ ఒకటి బిగించి దానికి గడియారం గీతలు పెట్టుకోండి. సెకను ముల్లు ఎలా తిరుగుతుందో అలా, ఆగకుండా, కిందినుంచి చూస్తే సవ్యదిశలో తిప్పండి. చేయి వణికి కెమెరా ఊగుతోందనిపిస్తే 28బివైజె-48 అనే చిన్న స్టెప్పర్ మోటారు, దాన్ని నడిపే యుఎల్ఎన్2003 బోర్డు, ఆజ్ఞలిచ్చే ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకోవచ్చు. మూడూ కలిపి వెయ్యిలోపే అవుతాయి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో తేలిగ్గా దొరుకుతాయి. ఎలా తిప్పినా పావుగంటకోసారి కడ్డీని మొదటికి దించి మళ్లీ మొదలుపెట్టండి. నిటారు కడ్డీతో పై చెక్క తెరుచుకునేకొద్దీ వేగం కొద్దికొద్దిగా తప్పుతుంది.

ఉత్తరానికి తిరిగి నిలబడితే బందు మీ ఎడమచేతి వైపు, తెరుచుకునే కొస కుడిచేతి వైపు ఉండాలి. తారుమారైతే నక్షత్రాలు మామూలుకంటే రెట్టింపు సాగుతాయి. రెట్టింపు గీతలు కనిపించాయంటే ముందు ఇదే చూసుకోండి. బందు సీల వెంబడి ఒక జ్యూస్ గొట్టం అంటించి, అందులోంచి ధ్రువనక్షత్రం కనిపించేలా ట్రైపాడ్ తల వంచండి. ధ్రువనక్షత్రం అసలు ధ్రువానికి అర డిగ్రీ పైచిలుకు పక్కన ఉన్నా, 50 ఎంఎం లెన్సుతో నిమిషం ఫోటోలో ఆ తేడా ఒక పిక్సెల్ దాటదు.

మన ప్రాంతంలో ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. ఒక ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువనక్షత్రం అక్కడ అంత ఎత్తులో ఉంటుంది. తిరుపతిలో 13.6 డిగ్రీలు, పలమనేరులో 13.2. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాదాపు 10 డిగ్రీలు, కాబట్టి నేలమట్టం నుంచి పిడికిలిన్నర కూడా ఉండదు. అలిపిరి, కపిలతీర్థం వైపునుంచి చూస్తే ఉత్తరాన శేషాచలం గోడలా అడ్డం ఉంటుంది, దాని మీద తిరుమల వెలుగు. ధ్రువనక్షత్రం దొరకకపోతే ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌తో బందును 13 డిగ్రీలకు పైకెత్తి, దిక్సూచితో ఉత్తరానికి తిప్పండి. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి తేడా రెండు డిగ్రీల లోపే. కాకపోతే మిద్దె స్లాబులో ఇనుము ఉంటుంది, దిక్సూచిని నేలకు ఆనించకుండా రొమ్ము ఎత్తులో పట్టుకుని చూడండి. ఇలా కుదిర్చినప్పుడు ఫోటోకు 30 సెకన్లు మించకండి. నక్షత్రాలు చూపే ఆకుపచ్చ లేజరు మాత్రం రేణిగుంటలో వాడకండి. అక్కడ విమానాలు దిగుతుంటాయి, ఆ వెలుగు పైలట్ కళ్లలో పడితే ప్రమాదం.

తిరుపతి వెలుగుల్లో అవుతుందా అన్నారు. చంద్రుడికి, నేర్చుకోవడానికి అవుతుంది. పాలపుంతకు కాదు. ఆకాశం పదిరెట్లు వెలుగ్గా ఉంటే అదే నాణ్యత రావడానికి పదిరెట్ల సమయం తీయాలి: ఊళ్లో అరగంటలో అయ్యేది ఇక్కడ అయిదు గంటలు. మీకు పలమనేరు దగ్గర సొంత ఊరుంది, 35 వేలకంటే పెద్ద ఆస్తి అది. దక్షిణం, ఆగ్నేయం వైపు వీధిదీపం కంటపడని మిద్దె ఎవరిదో చూసి పెట్టుకోండి. చీకటి కోసమని అడవిలోకి, పొలాల అంచులకు వెళ్లకండి. కౌండిన్య అడవి ఏనుగులు రాత్రిళ్లు పంటల్లోకి దిగుతాయని మీకు చెప్పనక్కర్లేదు. తలకోన వైపు కూడా రాత్రి వద్దు. ఊరి మిద్దె చాలు.

మనం దక్షిణాన ఉండడం ఈ పనికి వరం. తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరులో 2.3 మీటర్ల వైను బప్పు టెలిస్కోపు 1986 నుంచి పనిచేస్తోంది. పలమనేరుకు, దానికి అక్షాంశంలో ఒక డిగ్రీ కూడా తేడా లేదు, వాళ్లకు కనిపించే దక్షిణాకాశమే మీ మిద్దె మీదా కనిపిస్తుంది. పాలపుంత నడిబొడ్డు మనకు 47 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఒమేగా సెంటారి అనే నక్షత్రగుచ్ఛం బ్రిటన్‌లో అసలు ఉదయించదు, మనకు చైత్ర అమావాస్య ప్రాంతాల్లో అర్ధరాత్రి దక్షిణాన 29 డిగ్రీల పైన నిలబడుతుంది.

రాత్రులు ఎంచుకోవడానికి ఇంట్లో గోడమీది పంచాంగం చాలు. బహుళ ఏకాదశి నుంచి శుద్ధ చవితి దాకా మీవి. మనకు నైరుతి, ఈశాన్యం రెండు వానలూ ఉన్నాయి కాబట్టి జనవరి నుంచి మే మొదటివారం దాకా నమ్మకమైన కాలం. అందులో శివరాత్రిని వదలకండి. మాఘ బహుళ చతుర్దశి కనుక చంద్రుడి బెడద లేదు, ఊరంతా ఎలాగూ మేలుకుని ఉంటుంది. చీకటిపడ్డాక ఓరియన్ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయంలో పైకి వచ్చి ఉంటుంది. మీరు అడిగిన రెండూ ఒకే రాత్రిలో వస్తాయి. గుడి దీపాలకు దూరంగా ఉన్న మిద్దె అయితే చాలు.

కెమెరాలో రా ఫార్మాట్, ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8 (కిట్ లెన్సుకు 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5) పెట్టండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్, లెన్సు స్టెబిలైజేషన్, ఆటో పవర్ ఆఫ్ మూడూ తీసేయండి. ఫోకస్‌కు లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకండి. లైవ్ వ్యూలో 10 రెట్లు జూమ్ చేసి అగస్త్య నక్షత్రమో సిరియసో పట్టుకుని రింగు తిప్పండి. బిళ్ల చిన్నదవుతూ చుక్కగా మారి, మళ్లీ పెద్దదవడం మొదలవుతుంది. పక్కనున్న సన్నని నక్షత్రాలు కనబడి మాయమయ్యే చోటును బట్టి వెనక్కి తెచ్చి, చుక్క అతి చిన్నగా ఉన్నచోట టేపు వేసేయండి. పేరులో ఎస్‌టీఎం అని ఉండే కానన్ లెన్సుల్లో రింగు కరెంటుతో పనిచేస్తుంది, కెమెరా ఆపి మళ్లీ వేస్తే ఫోకస్ మళ్లీ చూసుకోవాలి.

ట్రాకర్ తయారయ్యేదాకా ఒక్కో ఫోటోకు ఎన్ని సెకన్లో తేలడానికి 200ను ఫోకల్ లెంగ్త్‌తో, మళ్లీ 1.6తో (ఈ కెమెరాల చిన్న సెన్సర్ లెక్క అది) భాగించండి. 18 ఎంఎంకు 7 సెకన్లు, 50 ఎంఎంకు 2.5 సెకన్లు. చాలాచోట్ల 500 అని ఉంటుంది. ఆ లెక్కన 50 ఎంఎంకు 6 సెకన్లు వచ్చి నక్షత్రం 5 పిక్సెళ్లు సాగుతుంది. 2.5 సెకన్లవి 400 తీస్తే 17 నిమిషాల వెలుగు. ట్రాకర్ వచ్చాక 60 సెకన్లవి 60 తీయండి, గంట వెలుగు, షట్టరూ మిగులుతుంది. పది పదిహేను ఫోటోలకోసారి ఒకదాన్ని పెద్దది చేసి చూసుకోండి. నక్షత్రాల చుట్టూ మెత్తటి కాంతి కనిపిస్తే లెన్సు మీద మంచు పట్టిందని అర్థం. తుండుతో తుడవకండి, గీతలు పడతాయి. ముందే నల్ల చార్టు పేపరుతో ఒక జానెడు గొట్టం చుట్టి లెన్సుకు తొడిగితే చాలా రాత్రులు గడిచిపోతాయి.

ఆ రాత్రే, కెమెరా చల్లగా ఉండగానే, మూత పెట్టి అవే సెట్టింగులతో 20 ఫోటోలు తీయండి. మచ్చల చుక్కలు పోవడానికి ఇవి. పొద్దున ఫోకస్ కదపకుండా, లెన్సుమీద తెల్ల పంచె రెండు మడతలు కప్పి, ల్యాప్‌టాప్ తెల్ల తెరకు ఆనించి మరో 20 తీయండి. మూలల్లో నలుపు, సెన్సర్ మీది దుమ్ము మరకలు పోవడానికి ఇవి.

ఈ ఫోటోలన్నీ ఒకటిగా కలపడానికి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు రెండూ ఉచితం. 100 ఫోటోలు కలిపితే బొమ్మలోని గరుకుదనం (నాయిస్) పదోవంతుకు తగ్గుతుంది. సిరిల్‌లో 18 మెగాపిక్సెళ్ల ఫోటో 32 బిట్లలో ఒక్కోటి 200 ఎంబీ దాటుతుంది. 400 ఫోటోలకు 80 జీబీకి పైగా ఖాళీ కావాలి, లేకపోతే సగంలో ఆగిపోతుంది. వందేసి చొప్పున కలిపి, వచ్చిన నాలుగింటినీ మళ్లీ కలుపుకోండి.

50 ఎంఎంతో ఓరియన్ నిహారిక మొత్తం ఫోటోలో 200 పిక్సెళ్ల మేరే వస్తుంది, గులాబీ రంగు మొగ్గలాగా. చుట్టూ మూడు నక్షత్రాల వరుస, ఆర్ద్ర ఎరుపు, కింద రైజెల్ తెలుపు కలిపి ఒకే చట్రంలో పడతాయి. మార్పు చేయని కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది కాబట్టి రోజెట్‌లాంటి నిహారికలు ఇప్పుడు ప్రయత్నించకండి. ఓరియన్, కృత్తిక, ధనుస్సులో లగూన్, ఒమేగా సెంటారి, ఈ నాలుగూ బాగా వచ్చాక 55-250 లెన్సు ఒకటి పాతది చూసుకుని, అదే చెక్క ట్రాకర్ మీద 135 ఎంఎం దగ్గర 20 సెకన్లతో మొదలుపెట్టండి. మోటారు పెట్టుకున్నాకే ఇది, చేత్తో తిప్పితే ఆ లెన్సుకు కుదరదు.